అందరికీ ఇంటర్వ్యూ వచ్చింది, మావాడికి రాలేదు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి ట్వెల్త్ గ్రేడ్. హార్వర్డ్, ఎంఐటీ, యేల్, బ్రౌన్, బర్క్‌లీ కాలేజీలకు అప్లై చేశాడు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ (యూటీ ఆస్టిన్)లో సీటు ఇప్పటికే వచ్చింది గానీ వాడు దాన్ని లెక్కలోకే తీసుకోవడం లేదు. వాడి క్లాసులోనే ఇద్దరు తెలుగు పిల్లలకు, ఆ కాలేజీల్లో చదివి ఈ ఊళ్లో స్థిరపడినవాళ్ల నుంచి ఇంటర్వ్యూకి మెయిల్స్ వచ్చాయి. ఒకరికి హార్వర్డ్, ఇంకొకరికి ఎంఐటీ. జనవరి మూడో వారం వచ్చినా మావాడికి ఒక్క కాలేజీ నుంచీ కబురు లేదు. తల్లుల వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గోల. గుడికి వెళ్తే ప్రదక్షిణలు చేస్తూ కూడా అడుగుతున్నారు. గుంటూరు నుంచి మా మామగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘పిలుపు వచ్చిందా అమ్మా’ అంటారు. మావాడు నాలుగు రోజులుగా భోజనం ప్లేటు తన గదిలోకి పట్టుకెళ్లిపోతున్నాడు. మావారు అడ్మిషన్స్ ఆఫీసుకి ఫోన్ చేస్తానంటున్నారు. మా ఆడపడుచు భర్త ఆఫీసులో ఒకాయన హార్వర్డ్‌లో చదివారట, ఆయనతో ఇంటర్వ్యూ ఏర్పాటు చేయిస్తామని వాళ్లంటున్నారు. మార్కులు, ఎస్సేలు చూసి మావాణ్ని అప్పుడే పక్కన పెట్టేశారా? మమ్మల్ని ఏం చేయమంటారు? ఇంకో చిన్న సంగతి. ఇంటర్వ్యూ కోసమని థాంక్స్‌గివింగ్ సేల్‌లో వాడికి కోటు కొన్నాం. ట్యాగ్ కూడా తీయలేదు. వెనక్కి ఇచ్చేయమంటారా?

ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం:

అమ్మా, ముందు మీ మామగారి దగ్గర మొదలుపెడతాను. ఆయన అడుగుతున్న ‘పిలుపు’ అన్న ఒక్క మాటలోనే మీ ఇంటి టెన్షన్ అంతా ఉంది. మన వైపు ఇంటర్వ్యూ అంటే ఏమిటి? బ్యాంకు ఉద్యోగానికి రాత పరీక్ష వేలమంది రాస్తారు. ఇంటర్వ్యూకి పిలిచేది అందులో కొందరినే. కాల్ లెటర్ చేతికొస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే అనుకునేవాళ్లు, వీధిలో స్వీట్లు పంచినవాళ్లూ ఉన్నారు. లెటర్ రానివాడికి కథ అక్కడితో సరి. ఆ తర్వాత మనం చూసిన ఇంటర్వ్యూ వీసాది. కాన్సులేట్ కిటికీ ముందు రెండు మూడు నిమిషాలు నిలబడితే, బతుకు అమెరికా వైపో ఇంటి వైపో తేలిపోతుంది. మన తలలో ఇంటర్వ్యూ అంటే ఈ రెండే. అందుకే పిలుపు రాకపోతే తీసేశారనే అర్థం తోస్తుంది మనకి.

ఈ కాలేజీల అలుమ్నై ఇంటర్వ్యూ ఆ జాతిది కాదు. హార్వర్డ్‌కి ఏటా దాదాపు 50 వేల అప్లికేషన్లు వస్తాయి. అందరినీ హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జికి పిలిచి మాట్లాడే జనం ఆ ఆఫీసులో లేరు. కాబట్టి దేశమంతా, విదేశాల్లోనూ ఉన్న తమ పాత విద్యార్థుల్ని ‘మీ ఊరి పిల్లలతో ఓ గంట కూర్చుని, ఎలా ఉన్నారో మాకో ముక్క రాయండి’ అని అడుగుతారు. ఎంఐటీ తన వాలంటీర్లకు ‘ఎడ్యుకేషనల్ కౌన్సిలర్’ అనే పెద్ద పేరు పెట్టింది గానీ పని అదే. జీతం లేదు. రోజంతా వాళ్ల ఉద్యోగం వాళ్లు చేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, ఆ తర్వాత మెయిల్స్ రాసుకునేవాళ్లు. మీవాడి మార్కులు, ఎస్సేలు, టీచర్ల ఉత్తరాలు మామూలుగా వాళ్ల కంటపడవు. చాలాచోట్ల పేర్ల పంపకం ఊరిని బట్టి, స్కూలును బట్టి జరుగుతుంది. అప్పటికి మీవాడి ఫైలు ఎవరూ పూర్తిగా చదివి ఉండకపోవచ్చు. చదవని ఫైలును పక్కన పెట్టడం ఎలా కుదురుతుంది?

ఇక ఫ్రిస్కో సంగతి మీకే బాగా తెలుసు. ఊళ్లో హైస్కూళ్లే పది దాటాయి. ప్రతి స్కూల్లోనూ హార్వర్డ్, ఎంఐటీలకు పెట్టే పిల్లలు, అందులో మనవాళ్లు ఎంతమందో కార్యసిద్ధి హనుమంతుడి గుళ్లో శనివారం నిలబడితే తెలిసిపోతుంది. ఆ పిల్లల్లాగా ఆ కాలేజీల్లో చదివినవాళ్లు కూడా ఆ ఊళ్లో అంతే జోరుగా పెరిగారా అంటే, లేదు. పెళ్లిభోజనాలకు విస్తళ్లు తక్కువైతే రెండో పంక్తి దాకా ఆగాల్సిన వాళ్లుంటారు. ఇక్కడ కొందరికి ఆ రెండో పంక్తి కూడా రాదు.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా అమ్మాయి చికాగోలో ఉద్యోగం చేస్తుంది. తను చదివిన కాలేజీ తరఫున ఆరేళ్లుగా ఈ ఇంటర్వ్యూలు చేస్తోంది. కాలేజీ పేరు చెప్పను, చెప్తే వచ్చే ఏడాది దాని ఫోన్ మోగుతూనే ఉంటుంది. రెండేళ్ల కిందట జనవరిలో నేను వాళ్లింట్లో ఉన్నాను. ఓ శుక్రవారం రాత్రి, గిన్నెలు సర్దేశాక, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. అక్కడి వాలంటీర్లకు పని పంచే పెద్దాయన నలుగురు పిల్లల వివరాలు పంపాడు. పేరు, స్కూలు, ఫోన్ నంబరు, ఈమెయిల్. అంతే, ఇంకేం లేదు. ముగ్గురికి మెయిల్ పెట్టింది. నాలుగో పేరు దగ్గర ఆగి క్యాలెండర్ చూసుకుంది. ఆ మంగళవారం జ్ఞానదంతం పీకించుకోవాలి, అపాయింట్‌మెంట్ దొరకడానికే రెండు నెలలు పట్టింది. ఆ తర్వాతి వారమంతా ఆఫీసు పని మీద డెన్వర్‌లో. రిపోర్టు పంపే గడువు ఆ పై సోమవారం. ‘ఈ పేరు నేను తీసుకోలేను, ఇంకెవరికైనా ఇవ్వండి’ అని జవాబు రాసి లాప్‌టాప్ మూసేసింది. ఇంకెవరూ దొరకలేదని తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి ఫైలులో ఇంటర్వ్యూ గడి ఖాళీగా ఉండిపోయింది. వాళ్లమ్మ ఆ వారం మీలాగే నిద్ర మానుకుని, మావాడి ఎస్సేలో ఏం తప్పు దొరికిందో అని కుమిలిపోయే ఉంటుంది. తప్పంతా మా అమ్మాయి పంటిది.

ఆ ముగ్గురిలో ఒకడి కథ కూడా వినండి. శనివారం పొద్దున లైబ్రరీలో కలిసింది. కుర్రాడు ప్లాస్టిక్ ఫోల్డర్‌లో రెజ్యూమె, సర్టిఫికెట్లు వరసగా పెట్టుకుని వచ్చాడు. వాళ్లమ్మ ఆ చలిలో కారు ఇంజిన్ ఆన్ చేసుకుని పార్కింగ్‌లోనే కూర్చుంది, యాభై నిమిషాలూ. ఫోల్డర్ తెరవకుండానే మాటల్లో పడ్డారట. వాళ్ల నాన్న నడిపే గ్యాస్ స్టేషన్‌లో వాడు వారాంతాల్లో క్యాష్ దగ్గర నిలబడతాడు. జీతాలొచ్చిన రోజు లాటరీ టికెట్లు ఎవరు కొంటారు, నెలాఖరులో ఎవరు కొంటారు అని వాడు ఓ నోటుబుక్కులో రాసుకున్నాడట. మా అమ్మాయి ఇంటికొచ్చి కోటు విప్పకుండానే రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. ఆరేళ్లలో అంత బాగా ఎవరి గురించీ రాయలేదంది. మార్చిలో చూస్తే ఆ కుర్రాడికి సీటు రాలేదు. రెండు రోజులు దానికి అన్నం సహించలేదు.

ఇంటర్వ్యూ రానివాడి కథ, వచ్చినవాడి కథ పక్కపక్కన పెట్టి చూడండి. మీ గ్రూపులో మెయిల్ వచ్చిందని హార్ట్ ఎమోజీలు అందుకుంటున్న తల్లి మీకంటే ముందేమీ లేదు. హార్వర్డ్‌లో వందమంది పెడితే సీటు వచ్చేది ఇంచుమించు నలుగురికే. ఎంఐటీ, యేల్ కూడా ఇంచుమించు అంతే. ఇంటర్వ్యూ అయిన పిల్లల్లోనూ చాలా చాలామందికి వచ్చేది ‘సారీ’యే.

మా అమ్మాయి విషయంలో ఇంకో చమత్కారం ఉంది. తను ట్వెల్త్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు రెండు కాలేజీలు ఇంటర్వ్యూ చేశాయి, రెండూ కాదన్నాయి. ఇప్పుడు తను ఎవరి తరఫున కూర్చుంటోందో ఆ కాలేజీ అప్పట్లో తనను పిలవనే లేదు.

అలాగని ‘ఏం ఫర్వాలేదు, దానికి విలువే లేదు’ అని మిమ్మల్ని జోకొట్టలేను. కాలేజీని బట్టి తేడా ఉంది. ఇంటర్వ్యూ ఇవ్వలేకపోతే అప్లికేషన్‌కి నష్టం ఉండదని హార్వర్డ్, ఎంఐటీ రెండూ బాహాటంగానే చెప్తాయి. వాలంటీర్లు దొరకని ఊళ్ల నుంచి, దేశాల నుంచి వాళ్లు ఏటా పిల్లల్ని తీసుకుంటూనే ఉన్నారు కాబట్టి ఆ మాట నేను నమ్ముతాను. యేల్ దారి కొంచెం వేరు. ఎవరి గురించి ఇంకాస్త తెలిస్తే బాగుంటుందని కమిటీకి అనిపిస్తుందో వాళ్లకు ఇంటర్వ్యూలో ప్రాధాన్యం ఇస్తామని యేల్ చెప్పుకుంటుంది. అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్లలో పాత విద్యార్థులతో పాటు ఫైనల్ ఇయర్ చదువుతున్న పిల్లలూ ఉంటారు. మరి యేల్ నుంచి మెయిల్ రాకపోతే ఏమనుకోవాలి? ఫైలు చూడగానే సరే అనిపించి ఉండొచ్చు, చూడగానే కాదనిపించి ఉండొచ్చు, ఇంకా ఆ వరస దాకా రాకపోయి ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏదో బయటినుంచి ఎవరూ చెప్పలేరు. చెప్తామని డబ్బు అడిగే కన్సల్టెంట్లు మీ ఊళ్లో ఉన్నారని విన్నాను. వాళ్ల జోలికి వెళ్లకండి.

బ్రౌన్, బర్క్‌లీల గురించి అయితే మీరు ఊరికే దిగులు పడుతున్నారు. బ్రౌన్ ఈ అలుమ్నై ఇంటర్వ్యూల పద్ధతిని ఎప్పుడో ఆపేసింది. బదులుగా, ఇష్టమున్న పిల్లలు తమ గురించి చిన్న వీడియో పంపుకోవచ్చు. బర్క్‌లీయే కాదు, కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు వేటిలోనూ డిగ్రీ అడ్మిషన్‌కి ఇలాంటి ఇంటర్వ్యూ ఉండదు. రాలేదని మీరు లెక్కపెట్టుకున్న అయిదింటిలో రెండు అసలు ఎవరికీ రావు.

ఇప్పుడు మీవారి ఫోన్ సంగతి. వద్దని చెప్పండి. కోప్పడి కాదు, ఆయన బాధ ఆయనది, ఏదో ఒకటి చేస్తే గాని మగవాళ్లకి కాలు నిలవదు. అటువైపు ఫోన్ ఎత్తే అమ్మాయి ‘ఇంటర్వ్యూలు వాలంటీర్ల వీలును బట్టి ఉంటాయండీ’ అని మర్యాదగా చెప్పి పెట్టేస్తుంది. నష్టం ఉండకపోవచ్చు, లాభం మాత్రం లేదు. పైగా పదిహేడేళ్ల పిల్లాడి తరఫున నాన్న మాట్లాడటం ఇక్కడివాళ్లకి అంతగా నచ్చదు. అడగాల్సింది నిజంగా ఏదైనా ఉంటే మీవాడే రెండు లైన్ల మెయిల్ రాయాలి.

ఆడపడుచుగారి భర్త ఆఫీసులో ఉన్న ఆ హార్వర్డ్ పెద్దమనిషి జోలికి అసలు వెళ్లొద్దు. ఎవరు ఎవర్ని ఇంటర్వ్యూ చేయాలో కాలేజీ నియమించిన వాలంటీర్లే పంచుకుంటారు. దారిన పోయే పాత విద్యార్థి తనంతట తాను ఇంటర్వ్యూ చేసి రిపోర్టు పంపితే దాన్ని ఇంటర్వ్యూగా లెక్కపెట్టరు. తెలిసినవాళ్ల పిల్లలు లిస్టులో కనిపిస్తే తప్పుకోవాలని వాలంటీర్లకు ముందే చెప్తారు. సొంత పిల్లలు అప్లై చేసే ఏడాది అసలు ఈ పనే పెట్టుకోవద్దంటారు. సిఫారసు అంటే మనకు సాయం, వాళ్లకి అది మచ్చ. లింక్డ్‌ఇన్‌లో వెతికి ఎవరికో మెసేజ్ పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. మీవాడు ఆ పని చేసి ఉంటే తిట్టకండి, ఇక మానమనండి.

చేయాల్సిన పని ఒకటుంది, పది నిమిషాలది. మీవాడు అప్లికేషన్‌లో ఏ ఈమెయిల్ ఇచ్చాడో అడగండి. స్కూలు ఇచ్చిన అడ్రస్ ఇచ్చి ఉంటే అనుమానించాల్సిందే. చాలా స్కూలు డిస్ట్రిక్టుల మెయిల్ బయటివాళ్ల ఉత్తరాల్ని ఆపేస్తుంది. ఈ వాలంటీర్లు రాసేదేమో ఎక్కువగా సొంత జీమెయిల్ నుంచి. కాలేజీ పేరుతో, ముద్రతో వస్తుందని పిల్లలు ఎదురు చూస్తుంటారు. ఇక్కడ ఎవరో ముక్కూ మొహం తెలియని పేరు, సబ్జెక్ట్‌లో ‘హలో’. అది స్పామ్‌లో పడి మురిగిపోతుంది. సొంత మెయిల్ ఇచ్చినా స్పామ్ ఫోల్డర్, ప్రమోషన్స్ ట్యాబ్ తెరిచి కాలేజీల పేర్లతో వెతకమనండి. ఫోన్ నంబరు ఎవరిదిచ్చాడో చూడండి, వాయిస్ మెయిల్ నిండిపోయి ఉంటే ఖాళీ చేయించండి. మా అమ్మాయి ఒకసారి ఓ పిల్లకి రెండు మెయిల్స్ రాసి, ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్ నిండిపోయిందని చెప్పి కట్ అయింది. ఏం చేస్తుంది, ‘జవాబు లేదు’ అని రాసి ఊరుకుంది. అలాగే ఒక్కో కాలేజీ పోర్టల్‌లోకి వెళ్లి ఏదైనా కాగితం తక్కువైందని చూపిస్తోందేమో చూసుకోమనండి. స్కూలు కౌన్సిలర్ మిడ్ ఇయర్ గ్రేడ్లు పంపారో లేదో కనుక్కోమనండి. ఫాల్ సెమిస్టర్ మార్కుల బరువు ఇంటర్వ్యూ కంటే చాలా ఎక్కువ, దాని గురించి మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ ఎవరూ అడగరు.

ఒకవేళ మెయిల్ వస్తే ఫిబ్రవరిలో కూడా రావచ్చు, ఇంకా టైముంది. వస్తే ఆ రోజే జవాబు ఇవ్వాలి. ఇంటికి రమ్మంటే మాత్రం వద్దు, లైబ్రరీలోనో కాఫీ షాపులోనో జూమ్‌లోనో కలుద్దామని మర్యాదగా చెప్పమనండి. డబ్బు అడిగితే అది ఇంటర్వ్యూ కాదు, మోసం.

మీరు అడగలేదు గానీ, అడగబోయే ప్రశ్న ఒకటి నాకు వినిపిస్తోంది. ‘మన ఆసియా పిల్లలకే ఇలా చేస్తారా?’ ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. వందేళ్ల కిందట, 1920లలో, యూదు పిల్లలు మార్కులతో ఎక్కువమంది వచ్చేస్తున్నారని హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ 1922లో వాళ్లకు కోటా పెడదామన్నాడు. అధ్యాపకులు ఒప్పుకోలేదు. అప్పుడు దొడ్డిదారిన ‘వ్యక్తిత్వం’, ‘నడవడి’ అనే కొలతలు తెచ్చారు. అప్లికేషన్‌కి ఫొటో అంటించమన్నారు. మనిషిని చూసి తూచడం అన్న ఆలోచన ఈ పెద్ద కాలేజీల్లో బలపడింది ఆ రోజుల్లోనే.

తర్వాత మన కాలానికొస్తే, 2014లో ఇదే అనుమానంతో హార్వర్డ్ మీద కేసు వేశారు. 2018లో బోస్టన్ కోర్టులో విచారణ జరిగితే లోపలి లెక్కలు బయటికొచ్చాయి. ‘పర్సనల్ రేటింగ్’ అనే వరసలో ఆసియన్ అమెరికన్ పిల్లలకు అడ్మిషన్స్ ఆఫీసు వేసిన మార్కులు తెల్లపిల్లల కంటే తక్కువ. అదే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పాత విద్యార్థులు వేసిన మార్కుల్లో మాత్రం అంత తేడా లేదు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం తప్పని తీర్పు చెప్పింది. ఇది చదివి ‘అయితే ఇంటర్వ్యూ మనవాళ్లకి కలిసొచ్చేదే, అది కాస్తా పోయిందే’ అని మీకు అనిపించవచ్చు. నాకు ఇంకోలా అనిపించింది. పాత విద్యార్థులు మంచిగా రాసినా ఆఫీసు తన లెక్క తనే వేసుకుందంటే, ఆ రిపోర్టు మాటకి అక్కడ ఎంత విలువుందో తేలిపోతోంది కదా. ఏమైనా, ఈ కథకీ మీవాడికి మెయిల్ రాకపోవడానికీ సంబంధం ఉందని నేననుకోను. మీ ఊళ్లో మెయిల్ వచ్చిన ఇద్దరూ తెలుగు పిల్లలేనని మీరే రాశారు.

ఇక మీవాడి ప్లేటు దగ్గరికొద్దాం. ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టిన వాక్యం అదే. కాలేజీ సంగతి మార్చిలో తేలుతుంది. ఎంఐటీ మామూలుగా మార్చి 14న, లెక్కల్లో వచ్చే పై (3.14) పేరు మీద జరుపుకునే ‘పై డే’ నాడు చెప్తుంది. హార్వర్డ్, యేల్, బ్రౌన్ ఆ నెలాఖరులో. అంటే ఇంకా రెండు నెలలు వాడు ఆ గదిలో తింటాడా? ఏం జరిగిందో నేను ఊహించగలను. వాడు స్కూలు నుంచి వచ్చి షూస్ విప్పేలోపే ఎవరో ఒకరు ‘ఏమైనా వచ్చిందా’ అని అడుగుతున్నారు. మీరు అడగకపోయినా మీ మొహం అడుగుతుంది. బల్ల దగ్గర కూర్చుంటే ఆ ప్రశ్న వస్తుందని వాడు ప్లేటు ఎత్తుకుపోతున్నాడు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అమ్మాయి అప్పుడు గదిలో కూడా తినేది కాదు, కారులో తినేది. గరాజ్‌లో ఆపిన కారులో, లైటు వేసుకుని, పెరుగన్నం. ఓ రోజు పాల కోసం వెళ్దామని తలుపు తీస్తే కనిపించింది. నేనేమీ అనలేదు, పక్క సీట్లో కూర్చున్నాను. కాసేపటికి తనే ‘ఆవకాయ తెచ్చావా’ అంది.

మీరు కూడా ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని చూడకండి. ‘హార్వర్డ్ కాకపోతే ఏంట్రా’ అంటే, రాదని అమ్మ అప్పుడే ఖాయం చేసేసుకుంది అనుకుంటాడు. ‘తప్పకుండా వస్తుంది’ అంటే, రాకపోతే అమ్మ మొహం ఎలా చూడాలి అనుకుంటాడు. రెండూ బరువే. కాలేజీ అన్న మాట ఆదివారం సాయంత్రం ఒక్క అరగంట తప్ప ఇంట్లో ఎత్తకూడదని ముగ్గురూ ఒప్పందం పెట్టుకోండి. మిగతా రోజుల్లో బల్ల దగ్గర క్రికెట్ మాట్లాడండి, ఇంటి కప్పు రిపేరు మాట్లాడండి, మీవారి ఆఫీసు రాజకీయాలు మాట్లాడండి. నాలుగైదు రోజులు వాడు నమ్మడు. తర్వాత ప్లేటుతో సహా దిగివస్తాడు.

ఆస్టిన్ గురించి ఒక మాట, కొంచెం కోపంతోనే. వచ్చిన సీటుని లెక్కలోకి తీసుకోవడం లేదని ఎంత తేలిగ్గా రాశారు! టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం స్కూల్లో టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌కి రద్దీ ఎక్కువై అక్కడ అది తగ్గుతూ వచ్చి 2026లో చేరేవాళ్లకి 5 శాతం అయింది. ఫ్రిస్కో స్కూళ్లలో టాప్ 5 శాతం అంటే ఏమిటో నాకంటే మీకే తెలుసు, అక్కడ ఒక్క బీ గ్రేడు వస్తే ర్యాంకు ఎక్కడికి జారుతుందో కూడా. మీవాడు ఆ కోటాలో వచ్చాడో, దానికి బయట నుంచి పోటీపడి వచ్చాడో మీరు రాయలేదు. ఎలా వచ్చినా అది ఎవరి దయా కాదు. అడిగిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కూడా వచ్చిందా? ఆ కోటా సీటుకి హామీ ఇస్తుంది గాని మేజర్‌కి కాదు. రాలేదంటే ఇప్పుడు మీరు ఫోన్ల మీద పెట్టాలనుకున్న ఓపిక అక్కడ పెట్టండి. హాస్టల్ గది, స్కాలర్‌షిప్‌ల గడువులు ఏమిటో చూసుకోండి. మే 1 లోపు ఎక్కడో ఒకచోట సరే అనాలి కదా.

వాట్సాప్ గ్రూపుని మార్చి దాకా మ్యూట్‌లో పెట్టండి. బయటికి రావొద్దు, వస్తే దాని మీద ఇంకో చర్చ నడుస్తుంది. గుడిలో అడిగితే ‘ఇంకా ఏం తెలీదండీ’ అని ప్రదక్షిణ కొంచెం జోరు పెంచండి.

మీ మామగారికి మాత్రం మీరే ఫోన్ చేయండి, ఈ ఆదివారం ఆయన చేసేలోపే. ‘మామయ్యగారూ, ఇది మన బ్యాంకు ఇంటర్వ్యూ లాంటిది కాదు. ఆ కాలేజీలో చదివిన వాళ్లెవరో ఖాళీ ఉంటే వచ్చి పిల్లాడితో కబుర్లు చెప్పి వెళ్తారు. ఖాళీ లేకపోతే లేదు. ఫలితాలు మార్చిలోనే’ అని చెప్పండి. గుంటూరు పెద్దాయనకి ‘ఖాళీ లేదు’ అన్న మాట బాగా అర్థమవుతుంది. ఆ తర్వాత మనవడికి ఫోన్ ఇచ్చి, పిలుపు సంగతి తప్ప ఏదైనా మాట్లాడమనండి.

కోటు వెనక్కి ఇచ్చేయండి. పండగ సేల్‌లో కొన్నవాటికి చాలా షాపుల్లో గడువు జనవరి నెలాఖరుకే అయిపోతుంది, రసీదు చూసుకోండి. రేపు ఇంటర్వ్యూ వచ్చినా దాంతో పని లేదు. మా అమ్మాయి దగ్గరికి సూటు వేసుకొచ్చిన పిల్లలు కాలర్ సర్దుకోవడంతోనే సగం గంట గడిపేశారట. ఉతికిన స్వెటర్ ఒకటి ఉంటే చాలు.